పప్పీ లైనక్స్ పుట్టుక, పెరుగుదల, వాడకం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ల్యాప్‌టాప్‌ని అటక మీద పడేసే ముందు ఒకసారి పప్పీ లైనక్స్ అనే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ వేసి చూడమని చుట్టాలకీ స్నేహితులకీ ఏళ్ల తరబడి చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ అవే అనుమానాలు వస్తున్నాయి. "ఇది ఉబుంటూనేనా?", "కరెంటు పోతే ఫైళ్లు పోతాయా?", "ఇంకా ఎవరైనా నడుపుతున్నారా?" ఫోన్లో మళ్లీ మళ్లీ చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే పోతుంది కదా అని ఇది తయారుచేశాను. మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. మీ అనుమానం ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి.

## పుట్టుక

అసలు పప్పీ లైనక్స్ ఎవరు తయారుచేశారు? ఏ కంపెనీది?

కంపెనీ ఏదీ లేదు. ఆస్ట్రేలియాకి చెందిన బారీ కౌలర్ మొదలుపెట్టాడు. ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎడిత్ కోవన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాడు. విండోస్ అసెంబ్లీ లాంగ్వేజ్ మీద, ఎంబెడెడ్ సిస్టమ్స్ మీద పుస్తకాలు కూడా రాశాడు. పప్పీ తొలి విడుదల 0.1. అది 2003 జూన్ 18న వచ్చింది.

ఎంబెడెడ్ అంటే చిన్న పరికరాల్లో, చిన్న చిప్పుల మీద నడిచే ప్రోగ్రాములు. ఆ పని చేసేవాళ్లకి ప్రతి కిలోబైటూ లెక్కే. డెస్క్‌టాప్ కంప్యూటర్‌ని కూడా ఆ లెక్కతోనే చూసిన మనిషి చేతిలో పుట్టింది కాబట్టే పప్పీ ఇలా ఉందని నా అభిప్రాయం.

అప్పటికే బోలెడు లైనక్స్‌లు ఉన్నాయి కదా, ఇంకోటి ఎందుకు?

ఉన్నవి ఏటికేడాదీ లావెక్కుతున్నాయని. కిందటేడు హాయిగా నడిచిన కంప్యూటర్, ఈ ఏడు కొత్త వెర్షన్ వేస్తే చతికిలబడేది. ఆ ధోరణి నచ్చకే కౌలర్ సొంతంగా మొదలుపెట్టాడు.

ఇన్‌స్టాల్ చేయకుండా సీడీ నుంచే లైనక్స్ నడపడం కొత్తేమీ కాదు. జర్మనీకి చెందిన క్లౌస్ నాపర్ చేసిన నాపిక్స్ 2000 నుంచే ఆ పని చేస్తోంది. కాకపోతే దానికి సీడీ నిండా సరుకు ఉండేది, ఏది తెరవాలన్నా సీడీ గిర్రున తిరగాల్సిందే. పప్పీ మొత్తం ర్యామ్‌లోకి, అంటే కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలోకి, ఎక్కేంత చిన్నది. ఎక్కాక సీడీ బయటికి తీసేసి ఆ డ్రైవ్‌లో పాటల సీడీ పెట్టుకోవచ్చు. అప్పట్లో ఇది చూపించి నేను చాలామందిని ఆశ్చర్యపరిచాను.

ఇంచుమించు అదే కాలంలో డ్యామ్ స్మాల్ లైనక్స్ కూడా ఉండేది. 50 ఎంబీ దాటకూడదని దానికి ఒట్టు. కొన్నేళ్లకి ఆగిపోయింది. 2024లో అదే పేరుతో మళ్లీ వచ్చింది గానీ, ఇప్పుడు లక్ష్యం 700 ఎంబీ సీడీలో పట్టడం. చిన్నది అన్న మాటకి అర్థం ఇరవయ్యేళ్లలో అంత మారింది.

ఒక్క మనిషి ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఎలా రాస్తాడండీ?

మొత్తం రాయలేదు. కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్సే. మిగతా సరుకులో ఎక్కువ భాగం కూడా ఎవరెవరో రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములే. ఏవి తీసుకోవాలి, ఎలా పేర్చాలి అన్నదే కౌలర్ పని.

ఫ్లాపీ నుంచి లైనక్స్ బూట్ చేయడం ఎలాగో వివరించే 'బూట్‌డిస్క్ హౌటు' అనే పాత పాఠం ఒకటి ఉంది. ఆయన దాంతో మొదలుపెట్టి ఒక్కో ఫైలే చేర్చుకుంటూ పోయాడు. తొలిరోజుల్లో ఆ ఫైళ్లు వెక్టర్ లైనక్స్ నుంచి తెచ్చుకున్నవి. తర్వాత పప్పీ దాని నుంచి విడివడింది. చిన్న లైనక్స్ చేయాలనుకునే చాలామంది ఒక పెద్దదాన్ని తీసుకుని అక్కర్లేనివి పీకేస్తారు. ఎంత పీకినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. ఖాళీ సంచితో బజారుకెళ్లి కావలసినవే వేసుకొచ్చే పద్ధతి వేరు.

బూట్ అయ్యే తీరు, సెట్టింగ్స్ అడిగే విజార్డులు పప్పీ సొంతం. అవి చాలావరకు షెల్ స్క్రిప్టులే, అంటే మామూలు అక్షరాల్లో రాసిన కమాండ్ల జాబితాలు. నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరిస్తే ఏం చేస్తున్నాయో చదువుకోవచ్చు.

కుక్కపిల్ల పేరు పెట్టడమేంటి?

కౌలర్ పెంచుకున్న చువావా కుక్క పేరు అది. పేరుతోనే ఆగలేదు, ఇల్లంతా కుక్కల సరదాయే. ప్రోగ్రాముల్ని కట్టి ఇచ్చే ప్యాకేజీలు 'పెట్' ఫైళ్లు. తక్కువ అధికారాలున్న యూజర్ల పేర్లు స్పాట్, ఫిడో. అంటే మన టామీ, జిమ్మీల్లాంటివి. తయారీ సామగ్రి పేరు వూఫ్. చాలా వెర్షన్లలో డెస్క్‌టాప్ వచ్చేసరికి స్పీకర్ "భౌ భౌ" అంటుంది. సౌండ్ కార్డు పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

## లోపల ఏం జరుగుతుంది

అంత చిన్న ఫైల్లో ఇన్ని ప్రోగ్రాములు ఎలా పట్టాయి?

మూడు కారణాలు కలిశాయి. సిస్టమ్ మొత్తం స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే పద్ధతిలో నొక్కిపెట్టిన ఒకే ఫైలుగా ఉంటుంది. దాన్ని విప్పి డిస్కు మీద పరవరు, కావలసిన ముక్కని అప్పటికప్పుడు విప్పుకుంటారు. రెండోది, ప్రోగ్రాముల ఎంపిక. గ్నోమ్, కేడీఈ లాంటి బరువైన డెస్క్‌టాప్‌ల బదులు జేడబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్, రాక్స్ అనే ఫైల్ మేనేజర్ పెట్టారు. పెద్ద ఆఫీస్ సూట్ బదులు ఉత్తరాలకి అబివర్డ్, లెక్కలకి గ్నూమెరిక్. మూడోది, ప్రతి ప్యాకేజీ నుంచీ సహాయ పుటలు, ఇతర భాషల అనువాదాలు, ప్రోగ్రామర్లకి మాత్రమే కావలసిన ఫైళ్లు విడదీసి పక్కన పెడతారు. రాసిన కోడ్‌ని ప్రోగ్రాముగా మార్చే కంపైలర్లు కావాలంటే 'డెవ్ఎక్స్' అనే వేరే ఫైలు దించుకోవాలి.

తొలి వెర్షన్లు సుమారు 60 ఎంబీ ఉండేవి. 2020లో వచ్చిన ఫాసాపప్ 400 ఎంబీ దాటింది. బ్రౌజర్లు, డ్రైవర్లు పెరిగినంత పప్పీ కూడా పెరిగింది, దాచేదేం లేదు.

అంతా ర్యామ్‌లోనే అంటున్నారు, మరి కరెంటు పోతే నా ఫైళ్లు గంగలో కలిసినట్టేనా?

అచ్చు పుస్తకం పేజీ మీద పల్చటి ట్రేసింగ్ కాగితం వేసి, దాని మీద పెన్సిల్‌తో దిద్దుకున్నారనుకోండి. పైనుంచి చూస్తే రెండూ కలిసి ఒకే పేజీలా కనిపిస్తాయి, కానీ పుస్తకం మీద గీత కూడా పడదు. పప్పీలో అచ్చు పుస్తకం అంటే ఆ నొక్కిపెట్టిన సిస్టమ్ ఫైలు. దాన్ని ఎవరూ మార్చలేరు. మీరు చేసే మార్పులన్నీ పైనున్న పొరలోకి వెళ్తాయి. మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు ఆ పొరని ఎక్కడ, ఎంత సైజులో దాచాలో అడుగుతుంది. దానికే సేవ్ ఫైలు అని పేరు. ఈ పొరల్ని కలిపి ఒకటిగా చూపించే పనిని ఏయూఎఫ్ఎస్ అనేది చేసేది. అది అసలు లైనక్స్ కెర్నల్లోకి ఎప్పుడూ చేరలేదు కాబట్టి, పప్పీ వాళ్లు కెర్నల్‌ని ప్రత్యేకంగా కంపైల్ చేసుకోవాల్సి వచ్చేది. 2014 చివర్లో 3.18 కెర్నల్‌తో ఓవర్‌లేఎఫ్ఎస్ వచ్చాక దానికి ప్రత్యామ్నాయం దొరికింది.

కరెంటు విషయానికొస్తే, సేవ్ ఫైలు హార్డ్‌డిస్కు మీద ఉంటే మార్పులు వెంటనే అందులోకి వెళ్తాయి. పెన్‌డ్రైవ్ మీద ఉంటే మాత్రం మార్పులు ముందు ర్యామ్‌లో ఉండి, మామూలుగా అరగంటకోసారి పెన్‌డ్రైవ్‌కి చేరతాయి. మాటిమాటికీ రాస్తే పెన్‌డ్రైవ్ త్వరగా అరుగుతుందని ఈ ఏర్పాటు. ఆ అరగంటలో కరెంటు పోతే ఆ కాస్త పనీ పోతుంది. డెస్క్‌టాప్ మీద 'సేవ్' బొమ్మ ఉంటుంది, నొక్కడం అలవాటు చేసుకోండి. ఒకసారి అది నొక్కకుండా, షట్‌డౌన్ కూడా చేయకుండా నేనే పెన్‌డ్రైవ్ లాగేశాను. మధ్యాహ్నమంతా కూర్చుని టైప్ చేసిన పెళ్లి లిస్టు పోయింది. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

సీడీ మీద కూడా సేవ్ చేస్తుందట, నిజమేనా?

నిజమే. ఒకసారి రాస్తే చెరపలేని మామూలు సీడీ మీద కూడా. మల్టీసెషన్ పద్ధతిలో షట్‌డౌన్ చేసిన ప్రతిసారీ కొత్త మార్పుల్ని సీడీలో మిగిలిన ఖాళీలో రాస్తుంది, మళ్లీ బూట్ అయినప్పుడు వాటన్నిటినీ వరసగా చదువుకుంటుంది. హార్డ్‌డిస్కే లేని కంప్యూటర్‌లో ఇలా పని నడిపినవాళ్లున్నారు. ఇప్పుడు సీడీ డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్ దొరకడమే గగనం కాబట్టి ఇది చాలావరకు జ్ఞాపకమే.

ఎప్పుడూ రూట్ యూజర్‌గానే ఉండడం ప్రమాదం కాదా?

పప్పీ మీద ఎక్కువ తిట్లు పడింది దీనికే. మామూలు లైనక్స్‌లో రూట్ అంటే ఇంటి తాళాలన్నీ ఉన్న గుత్తి, అవసరమైనప్పుడే తీస్తారు. పప్పీలో ఆ గుత్తి ఎప్పుడూ నడుముకే ఉంటుంది. ఇది ఒక్కరు వాడుకునే కంప్యూటర్, సిస్టమ్ ఫైలు ఎలాగూ మారదు, ఏదైనా చెడితే సేవ్ ఫైలు లేకుండా బూట్ చేస్తే మళ్లీ కొత్తదే అని పప్పీ పక్షం వాదన.

ఆ వాదనతో నేను సగమే ఏకీభవిస్తాను. సిస్టమ్ భద్రంగానే ఉంటుంది. కానీ పోతే బాధపడేది మీ ఫొటోలకీ పాస్‌వర్డులకీ గానీ సిస్టమ్‌కి కాదు కదా. అందుకే బ్రౌజర్‌ని 'స్పాట్' యూజర్‌గా నడిపే వీలు ఉంది, కొత్త వెర్షన్లలో చాలావరకు అలాగే నడుస్తుంది. దాన్ని మార్చకండి. నలుగురు పంచుకునే ఆఫీసు కంప్యూటర్‌కి మాత్రం పప్పీ వద్దనే చెబుతాను.

## పెరుగుదల, వెర్షన్ల గందరగోళం

పప్పీ ఉబుంటు నుంచి వచ్చిందా, స్లాక్‌వేర్ నుంచా? ఒక్కోచోట ఒక్కోలా రాశారు

ఉబుంటు, స్లాక్‌వేర్ రెండూ పేరున్న వేరే లైనక్స్‌లు. పప్పీ వాటి నుంచి వచ్చిందా అంటే రెండూ కాదు, రెండూ అవును. పప్పీ అంటే ఒక్కటి కాదు, ఒక కుటుంబం. ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం గందరగోళం తీరిపోతుంది.

1.0 వెర్షన్ 2005 మార్చిలో వచ్చింది. 32 ఎంబీ ర్యామ్ ఉన్న పెంటియం మీద కూడా నడిచేది. 2007లో వచ్చిన 3వ వరస స్లాక్‌వేర్ 12 ప్యాకేజీలు పనిచేసేలా కుదిర్చారు. 2008లో 4వ వరసకి వచ్చేసరికి ఆ పొత్తు వదిలేసి, టీ2 అనే సామగ్రితో సోర్సు నుంచి మొత్తం కంపైల్ చేశారు. 2010లో 5వ వరస మొదలైనప్పుడు 'లూసిడ్ పప్పీ' ఉబుంటు 10.04 ప్యాకేజీలతో తయారైంది. ఆ తర్వాత స్లాక్‌వేర్‌తో చేసినవి స్లాకో, ఉబుంటు 14.04తో చేసింది తార్‌పప్, 16.04తో జీనియల్‌పప్, 18.04తో బయోనిక్‌పప్, 20.04తో ఫాసాపప్. డెబియన్ అనే ఇంకో లైనక్స్ 12వ వెర్షన్‌తో చేసింది బుక్‌వర్మ్‌పప్.

బట్ట ఉబుంటుది, కుట్టు పప్పీది. ప్యాకేజీలు అక్కడివే అయినా బూట్ అయ్యే తీరు, పొరల పద్ధతి, మెనూలు, విజార్డులు అన్నీ పప్పీవే. అందుకే దీన్ని ఉబుంటు పిల్ల అనడం సరికాదు.

వూఫ్ అంటే ఏమిటి? దాన్ని వేసుకోవాలా?

మీరు వేసుకోవక్కర్లేదు. పప్పీని తయారుచేసే సామగ్రి అది. సోర్సు నుంచి వందల ప్రోగ్రాముల్ని ఒక్కడే కంపైల్ చేసి, భద్రతా సవరణలు వచ్చినప్పుడల్లా మళ్లీ కంపైల్ చేయడం అయ్యే పని కాదని 4వ వరసతో కౌలర్‌కి తెలిసొచ్చి ఉండాలి. ఆ తర్వాత రాసిందే వూఫ్. ఉబుంటు, డెబియన్, స్లాక్‌వేర్‌లలో ఏది కావాలంటే దాని తయారు ప్యాకేజీలు దించుకుని, ఒక్కోదాన్నీ ప్రోగ్రాము, డెవలపర్ ఫైళ్లు, డాక్యుమెంట్లు, భాషల ఫైళ్లుగా చీల్చి, అవసరమైన ముక్కలతో పప్పీని కుట్టి ఇస్తుంది.

పప్పీ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదేనని నా లెక్క. అంతవరకు పప్పీ అంటే కౌలర్ చేసేది. వూఫ్ వచ్చాక, ఓపిక ఉన్న ఎవరైనా తన పప్పీ తాను చేసుకోవచ్చు. పేర్లు ఇన్ని పెరగడానికి కారణం కూడా అదే.

బారీ కౌలర్ వదిలేశాక ప్రాజెక్టు ఆగిపోయిందని విన్నాను

ఆగలేదు. 2013లో కౌలర్ పప్పీ నాయకత్వం నుంచి తప్పుకున్నాడు. వూఫ్‌ని వాడుకరులు చేతిలోకి తీసుకుని 'వూఫ్ సీఈ' పేరుతో గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్‌లో నడుపుతున్నారు. సీఈ అంటే కమ్యూనిటీ ఎడిషన్. అయినా ఆ అప్పగింత ఒక్కరోజులో జరిగింది కాదు. 2009 నాటి 4.2 వెర్షన్‌ని వాడుకరులే తయారుచేశారు, లూసిడ్ పప్పీ కూడా వాళ్ల చేతుల మీదే రూపుదిద్దుకుంది.

కౌలర్ కూడా ఖాళీగా కూర్చోలేదు. క్విర్కీ అనే ప్రయోగాల లైనక్స్ నడిపాడు, 2017లో ఈజీఓఎస్ మొదలుపెట్టాడు. పొరల ఆలోచన అందులోనూ ఉంది, దానికి తోడు ప్రోగ్రాముల్ని ఒకదాని జోలికి ఒకటి రాకుండా విడివిడి కంటెయినర్లలో నడిపే ఏర్పాటు చేర్చాడు. అది పప్పీ కొత్త వెర్షన్ కాదు, వేరే కాపురం.

వేరీ, రేసీ అని పాత పేర్లు కనిపిస్తున్నాయి, అవి వాడొచ్చా?

వేరీ పాత కంప్యూటర్ల కోసం. పాత కెర్నల్ ఉంచి, అప్పటికి కొత్త ప్రోగ్రాములు ఇచ్చేవాళ్లు. రేసీ అదే పద్ధతిలో కాస్త కొత్త మెషీన్లకి. ఇప్పుడు ఇంటర్నెట్‌కి పనికిరావు. వాటిలోని బ్రౌజర్లతో నేటి వెబ్‌సైట్లు చాలావరకు తెరుచుకోవు.

## వేసుకునే ముందు

మా ఇంట్లో 2 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది, ఏ పప్పీ వేయాలి?

ముందు ప్రాసెసర్ 64 బిట్టో కాదో చూడండి. 64 బిట్ అయితే ఫాసాపప్ గానీ బుక్‌వర్మ్‌పప్ గానీ పెన్‌డ్రైవ్‌లో వేసి చూడండి. వైఫై, సౌండ్ ఏది సరిగా పట్టుకుంటే అదే మీది. పేరు కొత్తదా పాతదా అన్నది రెండో సంగతి. 32 బిట్ అయితే, ఉబుంటుతో చేసినవాటిలో బయోనిక్‌పప్ 32 దగ్గర ఆగాలి. ఉబుంటు ఆ తర్వాత 32 బిట్ ప్యాకేజీలు దాదాపు ఆపేసింది కాబట్టే ఫాసాపప్ 64 బిట్‌లో మాత్రమే వచ్చింది.

2004 నాటి 256 ఎంబీ కంప్యూటర్ మళ్లీ బతుకుతుందా?

బతుకుతుంది, ఇంటర్నెట్ అడగకపోతే. పాత పప్పీతో ఉత్తరం టైప్ చేయడానికి, పాటలు వినడానికి, పిల్లలకి టైపింగ్ నేర్పడానికి చాలు. ఇబ్బందంతా బ్రౌజర్‌తోనే. క్రోమ్ 32 బిట్ లైనక్స్‌ని 2016లోనే వదిలేసింది. అదీగాక నేటి వెబ్ పేజీ ఒక్కటి తెరవడానికే 256 ఎంబీ చాలదు. సిస్టమ్ ఎంత తేలికైనా వెబ్‌సైట్ బరువుని అది మోయలేదు. యూట్యూబ్ చూడాలంటే కనీసం 2 జీబీ, రెండు కోర్‌ల ప్రాసెసర్ ఉంటేనే టెన్షన్ లేకుండా నడుస్తుంది.

విండోస్ తీసేయాలా?

అక్కర్లేదు. పప్పీ వాళ్లు 'ఫ్రూగల్' అని పిలిచే పద్ధతిలో, ఉన్న పార్టిషన్‌లోనే (డిస్కు భాగంలోనే) ఒక ఫోల్డరు పెట్టి నాలుగైదు ఫైళ్లు వేస్తే చాలు. కంప్యూటర్ ఆన్ చేయగానే ఏది కావాలో అడిగేలా బూట్ మెనూ పెట్టుకోవాలి. ఇంకా తేలిక, పెన్‌డ్రైవ్‌లోనే ఉంచుకుని అవసరమైనప్పుడు గుచ్చుకోవడం. హార్డ్‌డిస్కు జోలికే వెళ్లదు.

విండోస్ లేవట్లేదు, పప్పీతో ఫొటోలు బయటికి తీయొచ్చా?

తీయొచ్చు. పప్పీని ఎక్కువమంది మొదట కలిసేది ఈ అవసరంలోనే. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే డెస్క్‌టాప్ కింది వరసలో మీ డిస్కు పార్టిషన్లు బొమ్మలుగా కనిపిస్తాయి. ఒక్క క్లిక్ చేస్తే తెరుచుకుంటాయి. రెండు క్లిక్కులు కొట్టే అలవాటుంటే రెండు కిటికీలు తెరుచుకుంటాయి, కంగారు పడకండి. డిస్కుకి విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం రికవరీ కీ లేకుండా ఏ లైనక్సూ ఏమీ చేయలేదు. విండోస్ సగం నిద్రలో ఆగి ఉంటే ఆ డిస్కు చదవడానికే తెరుచుకుంటుంది. ఫొటోలు కాపీ చేసుకోవడానికి అది చాలు.

## వేసుకున్నాక

కొత్త సాఫ్ట్‌వేర్ ఎలా ఎక్కించాలి?

పప్పీ ప్యాకేజీ మేనేజర్‌లో వెతికి క్లిక్ చేయడం మామూలు దారి. ఉబుంటుతో కుట్టిన పప్పీ అయితే ఉబుంటు ప్యాకేజీలు కూడా అందులో కనిపిస్తాయి. లిబ్రే ఆఫీస్ లాంటి పెద్దవాటికి ఎస్ఎఫ్ఎస్ ఫైలు, అంటే స్క్వాష్‌ఎఫ్ఎస్ పద్ధతిలో నొక్కిపెట్టిన ఫైలు, మేలు. అది సేవ్ ఫైల్లోకి చొరబడదు. ఇంకో పొరగా పైన చేరుతుంది, వద్దనుకుంటే తీసేయొచ్చు. సేవ్ ఫైలు నిండిపోయిందని ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది అన్నిటినీ ప్యాకేజీలుగా ఎక్కించినవాళ్లే.

తెలుగు చదవడం, రాయడం కుదురుతుందా?

చదవడానికి ఫాంటు వేస్తే చాలు. నోటో, లోహిత్, పోతన, ఏదైనా సరే. ఫాంట్ల ఫోల్డరులో పెడితే బ్రౌజర్లో డబ్బాలు పోయి అక్షరాలు వస్తాయి. రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక తెలిసినవాళ్లు కీబోర్డు లేఅవుట్లలో ఇండియా కింద తెలుగు ఎంచుకుంటే సరిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేసేవాళ్లు ఐబస్, దానితోపాటు ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకోవాలి. మెనూలు కూడా తెలుగులో కావాలంటే పప్పీలో నిరాశే మిగులుతుంది. సైజు తగ్గించడానికి భాషల ఫైళ్లు విడదీయడం దీని పుట్టుకలోనే ఉంది. ఆ కోరిక ఉన్నవాళ్లు మన స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు చేసిన తెలుగు లైనక్స్ వైపు చూడండి.

ఏదో నొక్కాను, డెస్క్‌టాప్ రావట్లేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

వద్దు. బూట్ మెనూలో సేవ్ ఫైలు లేకుండా మొదలయ్యే వరస ఉంటుంది, అది ఎంచుకోండి. కొత్త పప్పీ వస్తుంది. అక్కడి నుంచి పాత సేవ్ ఫైలుని క్లిక్ చేసి తెరిచి, మీ డాక్యుమెంట్లు తీసుకోండి. తర్వాత ఆ ఫైలు పేరు మార్చేస్తే పప్పీ దాని జోలికి పోదు. ముందుచూపు ఉన్నవాళ్లు అన్నీ బాగున్నప్పుడే సేవ్ ఫైలుని ఇంకోచోట కాపీ చేసి ఉంచుకుంటారు. కాపీ చేసేటప్పుడు మాత్రం ఆ ఫైలు వాడకంలో ఉండకూడదు, సేవ్ ఫైలు లేకుండా బూట్ చేసి చేయాలి.

కొత్త వెర్షన్ వస్తే అదే అప్‌డేట్ అవుతుందా?

అవదు. బయోనిక్‌పప్ నుంచి ఫాసాపప్‌కి మారడం అంటే ఇల్లు మారడమే. పాత సేవ్ ఫైలు మీదే కొత్త వెర్షన్ నడిపితే ప్రోగ్రాములు చెడిపోతాయి. కొత్తదాన్ని వేరే ఫోల్డరులో పెట్టి, వేరే సేవ్ ఫైలుతో వారం రోజులు వాడి చూడండి. అందుకే మీ ఫొటోలు, డాక్యుమెంట్లు మొదటి నుంచీ సేవ్ ఫైలు బయట, మామూలు పార్టిషన్‌లో ఉంచుకోమని చెబుతాను. అప్పుడు ఏ పప్పీ నుంచైనా అవే ఫైళ్లు తెరుచుకోవచ్చు.